తాటకి ఎవరి కథ?

ఒకే కథ రెండు వేర్వేరు తలుపులు తట్టింది. గోగు శ్యామల రాసిన తాటకి కథ 2008లో పిల్లల బొమ్మల పుస్తకంగా వచ్చింది. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ అనే వరుసలో తెచ్చిన పుస్తకాల్లో అదొకటి. దాంతోపాటే బడెయ్య అనే మాదిగ పిల్లవాడి కథ కూడా ఉంది. నాలుగేళ్ల తర్వాత, 2012లో, అదే తాటకి నవయాన వాళ్లు ఇంగ్లీషులో వేసిన శ్యామల కథల సంపుటిలో కనిపించింది. ఈసారి చదివింది పెద్దవాళ్లు. సమీక్షలు వచ్చాయి, యూనివర్సిటీల్లో పాఠమైంది, దళిత స్త్రీవాదం మీద రాసే వ్యాసాల్లో ఉదాహరణగా నిలిచింది.

పెద్దల తాటకి గురించి చాలామంది రాశారు. పిల్లల తాటకి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం అసలు ప్రశ్న అక్కడే ఉందనిపిస్తుంది. చదివేవాళ్లు మారితే కథలో ఏం మారుతుంది? పదేళ్ల పిల్ల చేతిలో పెట్టదగ్గ కథేనా ఇది? తెలుగులో బొమ్మల పుస్తకం ఎవరి కోసం తయారవుతోంది? కరీంనగర్‌లో కూర్చుని అడుగుతున్నాను కాబట్టి ఇంకో ప్రశ్న కూడా కలుపుతాను: మా దిక్కు పిల్లలు అందులో ఎక్కడున్నారు?

శ్యామల పుట్టింది అప్పటి రంగారెడ్డి జిల్లా పెద్దేముల్‌లో, వ్యవసాయ కూలీల ఇంట్లో. దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’గా, మాదిగ, దాని ఉపకులాల స్త్రీల రచనలను జూపాక సుభద్రతో కలిసి ‘నల్లరేగడి సాల్లు’గా తెచ్చిన సంపాదకురాలు. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథను ‘నేనే బలం’ పేరుతో రాసింది కూడా ఆమే. అంటే పిల్లల సాహిత్యంలోకి ఆమె పిల్లల రచయితగా రాలేదు. ఎవరి మాటలు అచ్చుకెక్కలేదో వాళ్ల మాటలు పోగుచేసే పనిలోంచి వచ్చింది. ఆ తేడా కథలో తెలుస్తూనే ఉంటుంది. మామూలు పిల్లల కథలో రచయిత నడుం వంచి, గొంతు మార్చి, పిల్లలతో ‘చెప్తా వినండర్రా’ అన్నట్టు మాట్లాడతాడు. శ్యామల నడుం వంచదు. తనకు తెలిసిన పిల్లను తనకు తెలిసినట్టే చెప్తుంది.

ఆ పిల్ల పేరు బాలమణి. పదకొండేళ్లు. ఊళ్లో ఆమెకు ఇంకో పేరుంది: తాటకి. తెల్లారకముందే లేచి, చేనుకు నీళ్లు పెట్టడానికి ఒంటరిగా పోతుంది. అక్కడ భూస్వామి ఆమె మీద చెయ్యి వేయబోతాడు. ఆమె తిరగబడి గెలుస్తుంది. కథగా చెప్పాలంటే ఇంతే. కానీ ఈ నాలుగు వాక్యాల్లో చివరిదాన్నే పట్టుకుని పెద్దల సమీక్షలు నడిచాయి. దాడి, ప్రతిఘటన, కులం, దేహం. అవన్నీ నిజమే. అయితే ఈ కథకు బరువు ఆ క్షణం కన్నా ముందున్న పనిలో ఉంది. బాలమణికి పని వచ్చు. నీళ్లు ఎటు మళ్లించాలో, ఏ మడి ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు మట్టి అడ్డం వేయాలో ఆ పిల్లకు తెలుసు. భూస్వామికి భూమి ఉంది కానీ ఆ తెలివి లేదు. కథ ఈ మాటను ఎక్కడా విప్పి చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

జగిత్యాలలో ఉండే మా అక్క బిడ్డకు పదేళ్లు. హైదరాబాద్ స్నేహితుల దగ్గర అడిగి తెచ్చిన పుస్తకం పోయిన ఎండాకాలం దానికి చదివి వినిపించాను. భూస్వామి వచ్చే చోట నా గొంతే కాస్త తడబడింది. అది మాత్రం కళ్లార్పకుండా విన్నది. కథ అయిపోయాక ఏం అడుగుతుందో, నేనేం చెప్పాలో అని లోపల లెక్కలు వేసుకుంటున్నాను. అది అడిగింది ఇదీ: “మరి నీళ్లు ఆగమైపోలేదా? మడి తెగిపోతది గద!”

అది చేను చూసిన పిల్ల. దానికి బాలమణి బాధితురాలిగా కనిపించలేదు. పని మధ్యలో ఎవడో అడ్డం వచ్చిన పిల్లగా కనిపించింది. వాడిని వెళ్లగొట్టిందా, సరే. మరి నీళ్ల సంగతేంది? ఇన్ని వ్యాసాలు చదివిన నాకు తట్టని ప్రశ్న అది. పాఠకురాలు మారితే కథలో ఏం మారుతుందని మొదట అడిగాను కదా, నాకు దొరికిన జవాబుల్లో ఇదొకటి. పెద్దలకు దాడి కథకు కేంద్రం, పిల్లలకు అది కథకు ఆటంకం. శ్యామల ఆ రెండు చదువులకూ చోటు ఉంచింది.

ఇక పేరు. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు చెప్పగా రాముడు చంపిన తొలి స్త్రీ తాటక. పిల్లల రామాయణాల్లో ఆమెను ఎట్లా గీస్తారో మనందరికీ తెలుసు. కోరలు, విరబోసిన జుట్టు, నల్లని ఒళ్లు. తెల్లగా చక్కగా ఉన్న బాలుడు విల్లు ఎత్తి నిలబడతాడు. తెలుగు పిల్లలు నలుపును, గట్టి గొంతును, గయ్యాళితనాన్ని దేనితో జతచేయాలో మొదట నేర్చుకునేది ఇట్లాంటి బొమ్మల్లోనే. అందుకే ఊళ్లో గట్టిగా మాట్లాడే ఆడపిల్లకు తాటకి అని పేరు పెట్టడం ఎవరికీ వింతగా అనిపించదు. శ్యామల ఆ తిట్టును తీసి పారేయలేదు, దాన్నే బిరుదు చేసింది. ఇంగ్లీషు పేరులో ‘మళ్లీ’ గెలిచింది అనే మాట ఉంది చూశారా, అది ముఖ్యం. ఈ గెలుపు ఈ ఒక్క పొద్దుటిది మాత్రమే కాదు. ఇంతకుముందూ గెలిచింది, రేపు మళ్లీ గెలవాల్సి వస్తుంది. రేపు కూడా చేనుకు పోవాలి కదా.

సరే, ఇది పిల్లలకు ఇవ్వాల్సిన కథేనా? చాలామంది తల్లిదండ్రులు ఇవ్వనంటారు. వాళ్ల భయాన్ని నేను తీసిపారేయను. అయితే భద్రంగా ఉన్న బాల్యం కోసం పిల్లల పుస్తకం మౌనంగా ఉండాలనే సూత్రం ఎవరి బాల్యాన్ని చూసి తయారైందో అడగాలి. ‘డిఫరెంట్ టేల్స్’ వరుస మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడింది. మన పుస్తకాల్లో పిల్ల అంటే బడికి పోయే, ఆడుకునే, పుట్టినరోజు చేసుకునే పట్టణ మధ్యతరగతి పిల్ల. మిగతావాళ్లు ఉంటే పనిమనిషి కూతురుగానో, జాలిపడాల్సిన వాళ్లుగానో ఉంటారు. ఆ వరుసలో మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ వంటి వాళ్ల కథలు కూడా వచ్చింది ఇందుకే.

2012లోనే పిల్లల మీద లైంగిక నేరాలకు పోక్సో చట్టం వచ్చింది. ఆ తర్వాత బడుల్లో ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాఠాలు పెరిగాయి. మంచిదే. కానీ ఆ చార్టుల్లో పిల్లకు కులం ఉండదు, ఊరుండదు, పని ఉండదు. ఒక గీత బొమ్మ, దాని మీద ఎర్ర రంగు చుక్కలు, అంతే. చెయ్యి వేసినవాడు ఊరికి పెద్ద అయితే ఏం చేయాలి? వాడి చేలోనే మీ అవ్వ కూలికి పోతుంటే ఎవరికి చెప్పాలి? చార్టు ఇట్లాంటి ప్రశ్నల దాకా రాదు. బాలమణి కథ వస్తుంది. పైగా అది పిల్లను భయపెట్టి వదిలేయదు. ఆమెకు ఒళ్లు ఉంది, ఒంట్లో బలం ఉంది, ఆ బలం రోజూ చేసే పనిలోంచి వచ్చింది. ‘జాగ్రత్తగా ఉండు’ అని చెప్పే కథలు మనకు లెక్కలేనన్ని ఉన్నాయి. ‘నీకు చేతనవును’ అని చెప్పే కథలు తక్కువ.

అయితే ఒక అభ్యంతరం మాత్రం నన్ను వదలదు. బాలమణి బడిలో ఎందుకు లేదు? ఇదే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి పనిచేసింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అనేది వాళ్ల వాదన. ఇంటి పని, చేని పని అనే మినహాయింపు లేదు. ఆ వాదన వల్ల వేలమంది పిల్లలు పలుగు, పార దించి బళ్లోకి వచ్చారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కళ్లతో చూస్తే, పదకొండేళ్ల పిల్ల చీకట్లో ఒంటరిగా నీళ్లు పెట్టబోవడమే అన్యాయం. దాన్ని నేర్పుగా, బలంగా చూపించడం ఆ అన్యాయానికి అందం పూయడం కాదా?

దీనికి నాకు తేలికైన జవాబు లేదు. కానీ ఒకటి గమనించాను. బాలకార్మికుల గురించిన పోస్టర్లలో పిల్లలకు ముఖాలు ఒకే రకంగా ఉంటాయి: పెద్ద కళ్లు, మాసిన అంగి, చేతిలో ఇటుక. బడికి వచ్చాక ఆ పిల్లకు తెలిసినదంతా వదులుకోవాల్సిన మురికి అవుతుంది. శ్యామల కథ చదివిన పిల్ల బడిలో కూర్చున్నా, తన చేతికి తెలిసిన విద్యను చూసి సిగ్గుపడదు. పిల్లను పనిలోంచి తప్పించడం ఒక హక్కు, ఆ పనికి మర్యాద ఇవ్వడం ఇంకో హక్కు. మొదటిది ఉద్యమాల పని, రెండోది పుస్తకాల పని. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి తప్ప ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయకూడదు.

ఈ రెండో పనిని తిన్నగా చేసిన పుస్తకం ఇంకోటి ఉంది. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’. ఆదివాసులు, పశువుల కాపరులు, తోలుపని వాళ్లు, కుమ్మరులు, చాకలి, మంగలి, ఇట్లా ఒక్కో వృత్తి జ్ఞానం గురించి ఒక్కో అధ్యాయం. బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్. మధ్యప్రదేశ్‌కు చెందిన గోండు చిత్రకారిణి. తర్వాత భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి అంబేడ్కర్ జీవితాన్ని ‘భీమాయణ’గా గీసింది కూడా ఆమే. ఆ పుస్తకంలో మెత్తని మాటలు పక్షి ఆకారంలో ఉన్న బుడగల్లోంచి వస్తాయి, విషపు మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. బొమ్మ మాటకు తోడు పోవడం కాకుండా బొమ్మే మాట్లాడటం అంటే అదీ.

ఐలయ్య పుస్తకం వాదిస్తుంది, శ్యామల పుస్తకం కథ చెప్తుంది. పిల్లలకు ఏది నచ్చుతుందో చెప్పనక్కర్లేదు. కానీ బొమ్మల విషయంలో శ్యామల పుస్తకం పట్ల నాకో ఫిర్యాదుంది. ‘డిఫరెంట్ టేల్స్’ చిత్రాలు పిల్లల పుస్తకాల్లో మామూలుగా కనిపించే బుగ్గల బొమ్మలకు దూరంగా, ఆలోచించి వేసినవే. అయినా ఇవి మాటలు ఎక్కువున్న పుస్తకాలు. కథ మాటల్లోనే పూర్తవుతుంది, బొమ్మ దాని పక్కన నిలబడుతుంది. బొమ్మ తీసేసినా కథ నడుస్తుంది. నడిచింది కూడా. 2012 సంపుటిలో జరిగింది అదే కదా! చదవడం రాని నాలుగేళ్ల పిల్ల తనంతట తాను పేజీలు తిప్పుకుంటూ తాటకిని తెలుసుకునే పుస్తకం ఇంకా రావాలి.

‘గోండు బొమ్మలు’ అన్నాను కాబట్టి ఆదిలాబాద్ సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య ఆదిలాబాద్ గురించి ఏ పుస్తకం వేసినా, ఏ గోడ మీద రంగులు పూసినా చుక్కలు, గీతలు నింపిన జింకలూ చెట్లూ వస్తున్నాయి. ఆ శైలి మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ప్రధాన్‌లది. 1980లలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ చేతుల మీదుగా భోపాల్ భారత్ భవన్‌లో పెరిగి ప్రపంచానికి తెలిసింది. ఆదిలాబాద్ రాజ్‌గోండుల కథలు అట్లా కాగితం మీదికి రాలేదు. ఇక్కడి ప్రధాన్‌లు వాటిని కీకిరి మీద పాడతారు. దండారీ పండుగకు నెమలీకల టోపీలతో గుస్సాడీ ఆడతారు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆట, పాట ఉన్నచోట ఇంకో ఊరి బొమ్మను అతికించడం తేలిక. ఆ ఆటలోంచి, పాటలోంచి బొమ్మను పుట్టించడం కష్టం. ఆ కష్టం ఎవరైనా పడాలి.

మార్లవాయి పేరు పిల్లల పుస్తకాల చరిత్రలో కూడా ఉండాల్సిన పేరు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితి చూడమని హైమెండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. వాళ్లు బడుల్లో చెప్పడానికి గోండిలో వాచకాలు తయారయ్యాయి. దేవనాగరి లిపిలో. తెలంగాణలో ఒక ఆదివాసీ పిల్ల తన ఇంటి మాటను అచ్చులో చూసిన తొలి సందర్భాల్లో అదొకటి. చాలా ఏళ్ల తర్వాత నార్నూర్ మండలం గుంజాలలో గోండికి సొంత లిపి ఉన్న రాతప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి వాళ్ల కృషితో అది వెలుగులోకి వచ్చి, 2018లో యూనికోడ్‌లో చోటు సంపాదించింది. అదే ఏడాది ప్రథమ్ బుక్స్, సీజీనెట్ స్వర కలిసి వందల పిల్లల కథలను గోండిలోకి తెచ్చి స్టోరీవీవర్‌లో పెట్టాయి. ఇవన్నీ గొప్ప పనులే. అయితే అనువాదంలో భాష మాత్రమే ఊరికి వస్తుంది, ఊరు పుస్తకంలోకి రాదు. బెంగళూరులోనో ఢిల్లీలోనో పుట్టిన కథ గోండి మాట్లాడటం వేరు, ఉట్నూరు పిల్ల కథ గోండిలో పుట్టడం వేరు. తాటకి మనకు నేర్పేది ఈ రెండోదాని గురించి.

ఇక కరీంనగర్. పిల్లల సాహిత్యం విషయంలో ఇది ఎండిపోయిన నేల కాదు. మెట్‌పల్లి దిక్కు వాసాల నరసయ్యకు 2017లో, సిరిసిల్ల దిక్కు పత్తిపాక మోహన్‌కు 2022లో సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారాలు వచ్చాయి. బొమ్మలు వేసే చేతులకూ కొదవ లేదు. తోట వైకుంఠం, పి.టి. రెడ్డి ఈ నేల నుంచి వచ్చినవాళ్లే. కానీ గేయం ఒకచోట, బొమ్మ ఇంకోచోట ఉండిపోయాయి. రెండూ ఒకే పేజీ మీద కలిసి, మా పిల్లల ఇల్లు కనిపించేట్టు చేసిన పుస్తకం నాకింకా దొరకలేదు.

మా పిల్లల ఇల్లు అంటే ఏంది? కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల గల్లీల్లో ఏ గడపలోకి చూసినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసే అవ్వ కనిపిస్తుంది. పక్కన తునికాకు, కత్తెర, దారం. వెయ్యి బీడీలకింత అని లెక్క. బాపు దుబాయిలో ఉంటాడు. రాత్రి ఫోన్‌లో వీడియో కాల్‌లో కనిపిస్తాడు. సిరిసిల్ల అయితే సాంచెల చప్పుడు లేకుండా నిద్రపట్టని పిల్లలు. మంచిర్యాల, గోదావరిఖని అయితే షిఫ్టు సైరన్‌తో టైము చూసుకునే పిల్లలు. ఈ ఇళ్లలోని పిల్ల తల్లిని అవ్వ అంటుంది, తండ్రిని బాపు అంటుంది. పుస్తకంలో మాత్రం అమ్మ, నాన్న సోఫాలో కూర్చుని ఉంటారు. తన ఇంటి మాట పుస్తకంలో లేకపోతే, పుస్తకం తనది కాదని పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికే అర్థమైపోతుంది.

ఇది అసాధ్యమైన కోరిక ఏమీ కాదు. అమెరికాలో వెరా బి. విలియమ్స్ 1982లో ‘ఎ చైర్ ఫర్ మై మదర్’ అనే పుస్తకం రాసి, బొమ్మలు కూడా తానే వేసింది. హోటల్లో వడ్డించే తల్లి, అమ్మమ్మ, ఒక పిల్ల. ఇల్లు కాలిపోయింది. రోజూ మిగిలిన చిల్లర పెద్ద సీసాలో వేస్తారు. సీసా నిండాక, పనికి పోయి వచ్చిన తల్లి కాళ్లు చాపుకోవడానికి గులాబీ పూల కుర్చీ ఒకటి కొంటారు. అంతే కథ. కష్టం దాచలేదు, జాలి అడగలేదు. బీడీల అవ్వకు నడుం నొప్పి లేదా? ఆమె కోసం కుర్చీ కొనే పిల్ల మా గల్లీలో లేదా? ఉంది. రాసేవాళ్లు, గీసేవాళ్లు ఆ గడప దగ్గర కాసేపు ఆగాలి.

తాటకి పుస్తకం కోసం నేను కరీంనగర్ షాపుల్లో వెతికితే దొరకలేదు. పెద్దల సంపుటి మాత్రం ఆన్‌లైన్‌లో రెండు రోజుల్లో ఇంటికొచ్చింది. ఒక పిల్లల కథ పెద్దల సాహిత్యంలోకి ప్రమోషన్ పొందిందని మనం సంతోషించాం. ఈ లోపు అది పిల్లల చేతుల్లోంచి జారిపోయింది. శ్యామలను చదవాల్సిన మొదటి పాఠకురాలు సెమినార్ హాల్లో లేదు. పొద్దున చేనుకో, తునికాకు కట్ట తేవడానికో పోయి, తొమ్మిదింటికి బడి గంట కొట్టేలోపు ఉరికొచ్చే పిల్ల ఆమె. పెద్ద అక్షరాలతో, తక్కువ ధరకు, మంచి బొమ్మలతో, తెలంగాణ తెలుగులో ఆ పుస్తకం మళ్లీ రావాలి. జిల్లా పరిషత్ బడి అల్మారాలో, తాళం వేయని అరలో ఉండాలి.

బాలమణి తన మడి తాను కాపాడుకుంది. ఆ పుస్తకాన్ని పిల్లలకు అందించే పని మాత్రం పెద్దవాళ్లది.